బరంపురం నుంచి శ్రీలంకకు: ఏం సర్దుకోవాలి, ఎక్కడ ఆగాలి

గంజాం ఉక్కపోత అలవాటే కదా అని నాలుగు నూలుబట్టలతో శ్రీలంకకు బయలుదేరితే నువర ఎలియలో మొదటి రాత్రే వణుకు పుడుతుంది. ఆ ఊరు 1,868 మీటర్ల ఎత్తున ఉంది. చలి మన దారింగిబాడిని గుర్తుచేస్తుంది, పైగా ఉతికిన బట్ట రెండు రోజులైనా ఆరదు. కొలంబోలోనేమో చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. అందుకే మనిషికి నాలుగు పలచటి నూలు జతలు, ఒక స్వెటర్, గొడుగుకు బదులు తలమీదుగా వేసుకునే రెయిన్‌కోటు పెట్టుకోవాలి. కొండగాలికి గొడుగు తిరగబడిపోతుంది. బరంపురం పట్టుచీర కట్టుకుని గుళ్ళు చూడాలని చాలామందికి ముచ్చట. ఆ ఉక్కలో పట్టు నిలవదు, లేతరంగు నూలుచీరే సుఖం.

చెన్నై మెయిల్ ఎక్కి సెంట్రల్‌లో దిగితే విమానాశ్రయానికి నేరుగా మెట్రో ఉంది. అక్కణ్ణుంచి కొలంబో గంటన్నర ప్రయాణం. రైలు ఆలస్యమైతే టికెట్టు పోతుంది, కాబట్టి అదే రోజు విమానం పెట్టుకోవద్దు. ఈటీఏ అనే ముందస్తు ప్రయాణ అనుమతి శ్రీలంక ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే తీసుకోండి. అచ్చం అలాగే కనిపించే దళారీ సైట్లు అదనంగా గుంజుతాయి.

నెల చూసుకోకుండా ఊళ్ళు ఎంచుకోవడమే పెద్ద పొరపాటు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు కొలంబో, గాలే ఊళ్ళ వైపు కురుస్తాయి, అప్పుడు తూర్పున త్రిన్‌కోమలీ పొడిగా ఉంటుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా దక్షిణ తీరం బాగుంటుంది. దసరా సెలవులకు వెళ్ళేవాళ్ళు మధ్యాహ్నం ఉరుముల వాన ఉంటుందనుకునే బయలుదేరాలి. ఎక్కేవి, తిరిగేవి అన్నీ పొద్దున్నే ముగించుకోవాలి.

సిగిరియ రాతికోటకు సుమారు 1,200 మెట్లు. ఎండెక్కాక ఎక్కడం శిక్షే. గేటు తెరిచేసరికి అక్కడుండాలి, మనిషికి లీటరు నీళ్ళు ఉండాలి. బండ మీద కందిరీగల పట్లున్నాయి, కేకలు వేయొద్దని బోర్డులు పెట్టింది అందుకే. మోకాళ్ళు బాగున్నవాళ్ళకు పక్కనున్న పిదురంగల బండ తక్కువ ఖర్చులో తేలుతుంది. సిగిరియ బండ మొత్తం కనిపించేది అక్కణ్ణుంచే. కాకపోతే చివర్లో మెట్లుండవు, చేతులు ఆనించి బండలు పాకాలి. పెద్దవాళ్ళను తీసుకెళ్ళొద్దు.

అనురాధపురంలో బౌద్ధ స్తూపాల దగ్గర చెప్పులు విడిచి నడవాలి. మిట్టమధ్యాహ్నం ఆ రాళ్ళు పెనంలా కాలుతాయి, మందపాటి నూలు మేజోళ్ళు రెండు జతలు తప్పనిసరి. భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. బుద్ధుడి విగ్రహానికి వీపు చూపిస్తూ ఫొటో దిగడం అక్కడ పెద్ద అపచారం.

క్యాండీకి ఒక రోజు చాలు. బుద్ధుడి దంతధాతువు గుడి చూశాక ఊరంతా ట్రాఫిక్కే. మిగిలిన రోజులు కొండలకివ్వండి. క్యాండీ నుంచి ఎల్ల అనే కొండ ఊరికి రైలు ఆరేడు గంటలు. ఫస్ట్‌క్లాస్ ఏసీ పెట్టెలో కిటికీ తెరుచుకోదు, రిజర్వ్ చేసిన సెకండ్‌క్లాసే మేలు. కొండచరియలు పడి రైళ్ళు ఆగే రోజులూ ఉంటాయి, ముందురోజు స్టేషన్లో కనుక్కోండి. నువర ఎలియకు దిగాల్సిన స్టేషను పేరు నాను ఓయ. అక్కణ్ణుంచి ఊరు ఇంకా ఎనిమిది కిలోమీటర్లు.

బస విషయానికొస్తే, తీరంలో ఏసీ, దోమతెర ఉన్నాయా అని, కొండమీద వేడినీళ్ళు, రెండో కంబళి ఇస్తారా అని అడగాలి. ఇంట్లో గదులు అద్దెకిచ్చేచోట భోజనం బాగుంటుంది, కానీ మధ్యాహ్నమే చెప్పాలి. కారు మాట్లాడుకుంటే డ్రైవరు బస, తిండి, టోలు ఆ ధరలోనే ఉన్నాయో లేదో రాతలో తీసుకోండి. గొడవలు అక్కడే వస్తాయి. ఊళ్ళో తిరగడానికి పిక్‌మీ యాప్ పెట్టుకుంటే ఆటోతో బేరం తప్పుతుంది.

ప్లగ్గుల్లో మన గుండ్రటి పిన్నులవీ, బల్లపరుపు మూడు పిన్నులవీ రెండూ కనిపిస్తాయి, అడాప్టరు ఒకటి ఉండాలి. పవర్‌బ్యాంకు చేతిసంచిలోనే పెట్టుకోవాలి. ఆరు ఓఆర్ఎస్ పొట్లాలు, దోమల క్రీము మరవొద్దు. అక్కడ డెంగీ ఉంది. జ్వరమొస్తే పారాసెటమాల్ తప్ప ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ వేసుకోకూడదు, రక్తస్రావం పెరుగుతుంది. వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.

శాకాహారులు సంబోలు అనే కొబ్బరి పచ్చడి చూసి మోసపోవద్దు. అందులో ఉంబలకడ అనే ఎండుచేప పొడి కలుపుతారు. తమిళుల శైవ హోటళ్ళలో ఆ బెంగ లేదు. పొద్దున ఇడియాప్పం, దారిలో నారింజరంగు తంబిలి బొండాం, భోజనం చివర గేదెపెరుగు మీద కితుల్ పాకం. ఆ కితుల్ మన గజపతి, రాయగడ కొండల్లో కల్లు గీసే జీలుగే, ఒడియాలో సలప. మనవాళ్ళు కల్లు తాగే చెట్టు నుంచి అక్కడ అంత కమ్మటి పాకం తీస్తారు, తప్పక రుచి చూడండి. సీసా తెచ్చుకుంటే మూతకు టేపు చుట్టి, బట్టల మధ్య పెట్టి లగేజీలో వేయండి. చేతిసంచిలో 100 మిల్లీలీటర్లు దాటిన సీసాను తనిఖీలో తీసేసుకుంటారు.