తామరకు ఏ ట్యూబు మేలు? రెండు రోజుల్లో చల్లబరిచేదా, నెల పట్టేదా?

నడుము చుట్టూ, గజ్జల్లో, చంకల్లో గుండ్రటి మచ్చలు. అంచు ఎర్రగా, పొలుసులతో ఉంటుంది. మధ్యలో మామూలు చర్మంలా కనబడుతుంది. చెమట పట్టిందంటే దురద ఆగదు. ఇది చాలావరకు తామరే, అంటే చర్మానికి పట్టే ఫంగస్. మెడికల్ షాపులో "తామరకి ఏదైనా ఇవ్వండి" అని అడిగితే చేతికొచ్చేది రెండు రకాల్లో ఒకటి. మూడు నాలుగు మందులు కలిపిన మిక్స్ క్రీము, లేదా ఫంగస్ మందు ఒక్కటే ఉన్న సాదా క్రీము. మా తమ్ముడు మొదటిదాన్ని ఎనిమిది నెలలు వాడాడు. ఇది రాయడానికి కారణం అదే.

మిక్స్ క్రీములో ఫంగస్ మందు, యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కూడా ఉంటుంది. తరచుగా అది క్లోబెటసాల్, అంటే పైపూత స్టెరాయిడ్లలో అన్నిటికంటే బలమైన వర్గానిది. రాసిన రెండో రోజుకే దురద పోతుంది, ఎరుపు చల్లారుతుంది. అందుకే జనం మళ్లీ దాన్నే అడుగుతారు. కానీ ఆ ఎరుపు, ఆ దురద మన ఒళ్లు ఫంగస్‌తో చేసే పోరాటం వల్ల వచ్చేవి. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని అణిచేస్తే ఫంగస్ మెల్లగా పాకుతుంది. ట్యూబు ఆపగానే మచ్చ ఇంకా పెద్దదై తిరిగొస్తుంది. నెలల తరబడి రాస్తే గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడతాయి, అవి ఇక పోవు. పైగా గుండ్రటి అంచు చెరిగిపోయి, అది తామరేనా కాదా అని డాక్టరు కూడా తడుముకోవాల్సి వస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అయినా మా తమ్ముణ్ణి ఆ ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా చీటీ అడగలేదు.

సాదా క్రీములో లులికొనజోల్, కీటోకొనజోల్, క్లోట్రిమజోల్ లాంటి మందు ఒక్కటే ఉంటుంది. రెండు రోజుల్లో ఏమీ తేడా కనబడదు, నిజమే. ఓపిక కావాలి. మచ్చ మీదే కాక అంచు దాటి రెండు సెంటీమీటర్ల దాకా రాయాలి, మచ్చ పోయాక కూడా ఇంకో రెండు వారాలు కొనసాగించాలి. చాలామంది ఓడిపోయేది ఇక్కడే. కొనేముందు ట్యూబు మీద మందుల పేర్లు చదవండి. చివర "సోన్" అనో "టసాల్" అనో ఉన్న పేరు కనిపిస్తే (బెటామెథాసోన్, మోమెటాసోన్, క్లోబెటసాల్) వెనక్కి ఇచ్చేయండి.

అలాగని స్టెరాయిడ్ క్రీమే చెడ్డదని కాదు. ఎగ్జిమాకి (ఫంగస్ వల్ల కాని దురద జబ్బు) డాక్టరు చూసి ఇస్తే అదే సరైన మందు. తేడా తెలియనప్పుడు స్కిన్ డాక్టరు పొలుసు కొంచెం గీకి మైక్రోస్కోపు కింద చూస్తారు, ఫంగస్ ఉంటే కనబడుతుంది. ఇంట్లో అందరికీ రాత్రిళ్లు దురద, వేళ్ల సందుల్లో పొక్కులు ఉంటే అది గజ్జి కావచ్చు, దానికి మందు వేరు. దురద లేకుండా స్పర్శ తెలియని మచ్చ ఉంటే ఆలస్యం చేయకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. కుష్ఠుకు మందు అక్కడ ఉచితం.

ఒకటి రెండు చిన్న మచ్చలై, ఇంతవరకు ఏమీ రాయకపోతే సాదా క్రీము మేలు. ఒళ్లంతా పాకినా, తగ్గి తగ్గి మళ్లీ వస్తున్నా, గోళ్లకో తలకో వచ్చినా, షుగరు ఉన్నా, గర్భిణి అయినా నేరుగా డాక్టరు దగ్గరికే. మాత్రలు మాత్రం సొంతంగా కొనకండి. ఒకప్పుడు టెర్బినఫైన్ మాత్రతో లొంగే తామర ఇప్పుడు మన దేశంలో చాలామందిలో లొంగడం లేదు. ఆ మొండి ఫంగస్‌కు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినీ అని పేరు పెట్టారు. అందుకని డాక్టర్లు ఎక్కువగా ఇట్రకొనజోల్ రాస్తున్నారు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు అది ప్రమాదం, కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతో పడదు.

మిక్స్ క్రీము ఆపిన మొదటి వారాల్లో మచ్చలు భగ్గుమంటాయి. మా తమ్ముడికి ఆ టెన్షన్‌లో మళ్లీ పాత ట్యూబు వైపే చెయ్యి పోయింది. ఇలా జరుగుతుందని డాక్టరు ముందే చెప్పి ఉండటంతో ఆగాడు. తువ్వాలు వేరు చేశాం, బట్టలు తిరగేసి ఎండలో ఆరేశాం. మచ్చ సరిగ్గా మొలతాడు గీత వెంబడే తిరిగొస్తోందని గమనించింది అమ్మే. తీసేయమంటే ఒప్పుకోదేమో అనుకున్నాం. "వాడి ఒళ్లు బాగుపడ్డాక కొత్తది కడదాంలే" అని తనే కత్తెర తెచ్చింది.