ఊబకాయం ముప్పు చెప్పడానికి ఏది మేలు: జన్యు కిట్టా, మిథైలేషన్ పరీక్షా, దర్జీ టేపా?

అమ్మానాన్నలిద్దరూ లావైతే "మనకీ రాసిపెట్టే ఉందేమో" అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. దాన్ని తీరుస్తామంటూ ఉమ్మితో చేసే జన్యు పరీక్షలూ, రక్తంతో చేసే మిథైలేషన్ (డీఎన్ఏపై పడే రసాయన గుర్తుల) పరీక్షలూ అమ్ముతున్నారు. వాటి పక్కన నడుము కొలిచే దర్జీ టేపు పెట్టి చూద్దాం.

జన్యు పరీక్ష ఒక్కసారి చేయిస్తే చాలు, ఫలితం మారదు. కానీ చెప్పేది కొంచెమే. ఊబకాయం జన్యువుల్లో పేరుమోసిన ఎఫ్‌టీవో సంగతి 2007లో తేలింది. దాని ముప్పు రకం అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా వచ్చినవాళ్లు, అసలు రానివాళ్లకంటే సగటున 3 కిలోలు ఎక్కువ ఉన్నారు. రిపోర్టులో ఎర్ర అక్షరాలతో హై రిస్క్ అని వేసినా, ఈ జన్యువు వరకూ దాని బరువు ఆ మూడు కిలోలే.

మిథైలేషన్ కథ ఇంకా ఊరిస్తుంది. డీఎన్ఏ అక్షరాలు మారకుండానే వాటిపై మిథైల్ గుర్తులు పడి జన్యువుల పని హెచ్చుతగ్గులవుతుంది. ల్యాబులో డీఎన్ఏకి బైసల్ఫైట్ అనే రసాయనం కలిపితే, గుర్తులేని సైటోసిన్ అనే అక్షరం యురాసిల్‌గా మారుతుంది, గుర్తున్నది అలాగే మిగులుతుంది. ఈ మార్పు పూర్తికాకపోతే లేని గుర్తులు ఉన్నట్టు లెక్క తేలుతుంది. పైగా చూసేది రక్తకణాలను, కొవ్వునో ఆకలిని నడిపే మెదడు భాగాన్నో కాదు. జ్వరం తగ్గిన వెంటనే రక్తమిస్తే తెల్లకణాల పాళ్లు మారి ఉంటాయి. వాటిని సరిచూసుకోకపోతే ఫలితమూ తప్పుతుంది. అన్నిటికంటే పెద్ద దెబ్బ 2017లో 'నేచర్'లో వచ్చిన అధ్యయనం: రక్తంలో బీఎంఐతో (ఎత్తుకు తగ్గ బరువు లెక్కతో) ముడిపడ్డ గుర్తుల్లో ఎక్కువ శాతం ఊబకాయానికి కారణాలు కావు, పర్యవసానాలు. పొట్ట వచ్చాక పడ్డ ముద్ర చూసి పొట్ట వస్తుందని జోస్యం చెప్పినట్టన్నమాట.

అలాగని ఎపిజెనెటిక్స్, అంటే ఇలాంటి గుర్తుల శాస్త్రం, వట్టిమాట కాదు. 1944-45 నెదర్లాండ్స్ కరువులో కడుపున పడ్డవారికి, ఆరు దశాబ్దాల తర్వాత కూడా ఎదుగుదలకు తోడ్పడే ఐజీఎఫ్2 జన్యువుపై గుర్తులు తోబుట్టువులకంటే తక్కువగా కనిపించాయి. పుణె అధ్యయనంలో గర్భిణికి ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ మాత్రతో అందే విటమిన్) ఎక్కువై బీ12 తక్కువైతే, ఆరేళ్ల వయసులో బిడ్డకు ఇన్సులిన్ నిరోధకత (ఇన్సులిన్‌కు ఒళ్లు సరిగా స్పందించకపోవడం) ఎక్కువగా ఉంది. మిథైల్ సరఫరాలో ఈ రెండు విటమిన్లూ భాగస్వాములే. హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లలో చూస్తే, 1987-90లో గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనపు ఆహారం అందినచోట ఆ పిల్లలు టీనేజీకి వచ్చేసరికి ఇన్సులిన్ నిరోధకత తగ్గింది. ఒంటి కొవ్వులో మాత్రం తేడా లేదు! అందుకే బిడ్డ కోసం చూస్తున్న దంపతులు, ముఖ్యంగా శాకాహారులు, మిథైలేషన్ డబ్బుతో ఆమెకు బీ12 పరీక్ష చేయించుకోవడం నయం. ఫోలిక్ యాసిడ్ మాత్ర మాత్రం మానకూడదు.

మిగతావాళ్లకు నా ఓటు టేపుకే. నడుము చుట్టుకొలతను చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడిమధ్యన, బట్టమీద కాకుండా ఒంటిమీద, మామూలుగా ఊపిరి వదిలాక కొలవాలి. టేపు చర్మాన్ని తాకాలి, నొక్కకూడదు. వెనకవైపు జారకుండా చూసుకోవాలి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే పరగడుపు షుగర్, ట్రైగ్లిజరైడ్లు చూపించుకోవాలి. ప్యాంటు సైజును నమ్మొద్దు: బెల్టు పొట్ట కిందకి దిగిపోతుంది కాబట్టి, పొట్ట పెరుగుతున్నా సైజు ఏళ్లతరబడి 34 దగ్గరే ఆగిపోతుంది.