ఫోనిక్స్ కిట్టుకు డబ్బు కట్టేముందు ఆగండి: ‘బ్’ అంటున్నారా, ‘బ’ అంటున్నారా వినండి

రెండో తరగతికో మూడో తరగతికో వచ్చినా ఇంగ్లీషు వాక్యం కూడబలుక్కోలేని పిల్లలుంటే ఆ ఇంట్లో బెంగ మామూలుగా ఉండదు. ఆ బెంగ మీదే ఇప్పుడు పెద్ద బేరం నడుస్తోంది. ‘నెల రోజుల్లో మీ బాబు గడగడా చదువుతాడు’ అంటూ ఫోనిక్స్ కిట్లు, ఆన్‌లైన్ కోర్సులు వేల రూపాయలకు అంటగడుతున్నారు. ఫోనిక్స్ పద్ధతిని మేం తప్పుపట్టడం లేదు. అక్షరానికీ శబ్దానికీ ఉన్న సంబంధాన్ని వరసగా, విడమరచి నేర్పితే చదవడం నేర్చుకునే పిల్లలకు మేలు జరుగుతుందని, చదువు నేర్పే పద్ధతులను పరిశీలించిన అమెరికా నేషనల్ రీడింగ్ ప్యానెల్ 2000లో, ఇంగ్లండ్ ప్రభుత్వం వేయించిన రోజ్ నివేదిక 2006లో తేల్చి చెప్పాయి. చిక్కల్లా ఆ పేరుతో పెట్టెలో పెట్టి అమ్ముతున్న సరుకుతోనే.

పెట్టె విప్పితే సాధారణంగా కనిపించేవి ఇవి: ఇరవయ్యారు బొమ్మల కార్డులు, తాకితే పలికే పెన్ను, రంగులు వేసుకునే వర్క్‌బుక్, యాప్‌లో వీడియోలు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. కానీ పెన్ను ‘బ, క, ట’ అని పలికితే అది పిల్లల్ని ముందుకు తీసుకుపోదు. ఉన్నచోటే కట్టేస్తుంది.

ఎందుకో చూడండి. తెలుగు అక్షరం కడుపులోనే అచ్చు ఉంటుంది. క అంటే క్ ప్లస్ అ. పైగా మన మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి బస్ మన నోట బస్సు అవుతుంది, పెన్ పెన్ను అవుతుంది. ఇంగ్లీషు మాటను శబ్దాలుగా విడగొట్టాలంటే మనకు కావలసింది పొల్లు హల్లు: క్, ట్, బ్. వీడియోలో టీచరు ‘బ... యా... ట’ అని నేర్పితే, పిల్లవాడు వాటిని బుద్ధిగా కలిపి ‘బయాట’ అంటాడు. అలాంటి మాట వాడెప్పుడూ వినలేదు. బ్యాట్ అని తట్టదు. తప్పు తనదేననుకుని ఊరుకుంటాడు. ఇలా నెల రోజులు సాగితే హల్లు వెనక చేరిన ఆ అచ్చు తోకను వదిలించడానికి ఇంకో రెండు నెలలు పట్టొచ్చు.

డెమోలో ఇది పట్టుకోవడం తేలిక. ఎమ్, ఎస్, టీ అక్షరాల శబ్దాలు పలకమనండి. మొదటి రెండూ సాగాలి: ‘మ్మ్మ్’, ‘స్స్స్’. ఎఫ్, ఎన్, ఎల్, ఆర్ శబ్దాలు కూడా ఇలాగే సాగుతాయి. టీ శబ్దం మాత్రం చటుక్కున తెగిపోవాలి. గొంతు మీద చెయ్యి పెట్టుకుని పీ, టీ, కే అక్షరాల శబ్దాలు పలికితే గొంతు అదరకూడదు. అదిరిందంటే వెనక అచ్చు వచ్చి చేరినట్టే. బీ, డీ, జీ శబ్దాలకు కొంచెం అచ్చు ఛాయ తగలడం సహజం. దాన్ని వీలైనంత పొట్టిగా ఉంచాలి, అంతే. ‘మ, స, ట’ అని వినిపించిందా, అక్కడితో ఆ బేరం వదిలెయ్యండి.

తర్వాత కార్డులు. బొమ్మలో ఉన్న మాట మొదటి శబ్దం, నేర్పాల్సిన శబ్దం ఒకటే కావాలి. చాలా కిట్లలో కావు. ఏ అక్షరానికి ఏరోప్లేన్, ఐకి ఐస్‌క్రీమ్, ఓకి ఔల్, జీకి జిరాఫీ, సీకి చెయిర్, ఎస్‌కి షిప్ పెట్టేస్తారు. షిప్‌లో స్ శబ్దం ఎక్కడుంది? చెయిర్‌లో క్ ఎక్కడుంది? ఇక ఎక్స్‌కి జైలోఫోన్ ఉండని కిట్టు అరుదు. అందులో వినిపించేది జ్ లాంటి శబ్దం. ఎక్స్ శబ్దం బాక్స్, ఫాక్స్ లాంటి మాటల చివర దొరుకుతుంది కాబట్టి మంచి కార్డులో ఆ బొమ్మలుంటాయి. ఇంకో సంగతి: ఇంగ్లీషులో అక్షరాలు ఇరవయ్యారే అయినా శబ్దాలు దాదాపు 44. ష్, చ్, థ్, ‘ఈ’, ‘ఊ’ లాంటి శబ్దాలకు రెండేసి అక్షరాలు కలవాలి. ఇరవయ్యారు కార్డులతో ముగిసే కిట్టు సగం దారిలో చెయ్యి వదిలేసినట్టే. జాబితాలో ఎన్ని శబ్దాలున్నాయో లెక్కపెట్టండి.

ఏ నుంచి జెడ్ దాకా వరసగా నేర్పే కిట్టు కూడా వద్దు. అందులో బీ, డీ దాదాపు పక్కపక్కనే వస్తాయి. తడబడే పిల్లలు ఎక్కువగా తిరగేసేవి ఆ రెండే. మంచి వరస ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ లాంటి అక్షరాలతో మొదలవుతుంది. ఆ ఆరింటితోనే స్యాట్, పిన్, ట్యాప్, సిట్, టిన్, న్యాప్ చదివేయొచ్చు. బీ బాగా అలవాటయ్యాకే డీ వస్తుంది.

అసలు లోటు ఇంకొకటుంది: కలిపి పలకడం. మన పిల్లల్లో చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఒక్కో శబ్దం అడిగితే ఠక్కున చెబుతారు, మాట చూపిస్తే మాత్రం కలపలేరు. వర్క్‌బుక్ తిరగేసి చూడండి. కలపడం నేర్పే పేజీలు వేళ్లమీద లెక్కపెట్టేలా ఉంటే, అది రంగులు వేసుకునే పుస్తకమే. ఈ పని ఇంట్లో మీరే చేయొచ్చు. సాగే శబ్దంతో మొదలయ్యే మాట తీసుకోండి, సన్ అనుకుందాం. ఎస్, యూ, ఎన్ అని మూడు చీటీలు రాసి బల్ల మీద దూరదూరంగా పెట్టండి. మొదటి చీటీ మీద వేలు పెట్టి ‘స్స్స్’ అంటూ, గొంతు ఆపకుండా, వేలిని రెండో చీటీ దాకా జరపాలి: ‘స్స్స్అ’. అప్పుడు ‘స’ వస్తుంది. మూడో చీటీ చేరిస్తే ‘సన్’. మూడు శబ్దాలూ విడివిడిగా పలికించి చివర్లో ‘ఇప్పుడు కలుపు’ అంటే పిల్లలు మొదటి శబ్దం మరిచిపోతారు. అందుకే ముందు రెండూ కలిసి గట్టిపడ్డాకే మూడోది.

ఇక్కడ తెలుగు అడ్డు రాదు సరిగదా, సాయపడుతుంది. స్ కి అ చేరితే స, ప్ కి ఇ చేరితే పి, బ్ కి ఎ చేరితే బె. గుణింతం వచ్చిన పిల్లలకు ఇది సగం తెలిసిన విద్యే. పి పక్కన న్ పెడితే పిన్, బె పక్కన డ్ పెడితే బెడ్. చివర ‘పిన్ను’, ‘బెడ్డు’ కాకుండా చూసుకుంటే చాలు. ఇంత దగ్గరి దారి ఉన్నా, తెలుగు పిల్లల కోసమే అంటూ అమ్మే కిట్లలో కూడా దీని ఊసు కనబడదు. అదే బాధ. క్యాట్, బ్యాట్‌లలో వచ్చే ‘యా’ శబ్దానికి మనకు వేరే అక్షరం లేదు కాబట్టి దాన్ని నోటితోనే ప్రత్యేకంగా నేర్పాలి. బ్యాగ్‌నీ బెగ్‌నీ పక్కపక్కన పలికి తేడా వినిపించండి.

డెమో క్లాసు మాయ గురించి. ఇరవై నిమిషాల్లో పిల్లవాడు క్యాట్, బ్యాట్, హ్యాట్, మ్యాట్ చదివేస్తాడు, తల్లిదండ్రుల కళ్లు చెమరుస్తాయి, డబ్బు కట్టే లింకు వచ్చేస్తుంది. అక్కడ వాడు చదివింది మొదటి అక్షరం ఒక్కటే, మిగతాది ముందు మాట నుంచి వచ్చిన ప్రాస. పక్కన బొమ్మ ఉంటే అదీ అక్కర్లేదు. డబ్బు కట్టకముందే మీరు ఒక కాగితం మీద క్యాట్, కాట్, కట్, క్యాప్, కప్ రాసి ఇవ్వండి. మధ్య అక్షరం, చివరి అక్షరం మారిస్తేగాని చదివాడో ఊహించాడో తెలియదు.

ఇంతకన్నా గట్టి పరీక్ష అర్థం లేని మాటలు: మిబ్, టెఫ్, వాప్, నుగ్. ఎవరూ బట్టీ పట్టలేరు, బొమ్మా ఉండదు. ఇంగ్లండ్‌లో 2012 నుంచి ఒకటో ఏడు పిల్లలకు పెట్టే ఫోనిక్స్ పరీక్షలో 40 మాటలుంటే, వాటిలో 20 ఇలాంటివే. కోర్సు మొదట్లో పది మాటలు చదివించి ఎన్ని వచ్చాయో రాసుకోండి. నెల తర్వాత వేరే పది. అంకె కదలకపోతే యాప్‌లో ఎన్ని నక్షత్రాలు వచ్చినా వాటికి విలువ లేదు.

కథల పుస్తకాలు ఉచితం అంటారు. తెరిచి చూడండి. మంచి సాధన పుస్తకంలో మాటలన్నీ అప్పటిదాకా నేర్పిన శబ్దాలతోనే ఉంటాయి. ద, వాజ్, సెడ్ లాంటి నియమానికి లొంగని మాటలు కొద్దిగా, ముందే నేర్పి ఉంచుతారు. రెండో వారంలోనే ఎలిఫెంట్, బటర్‌ఫ్లై ఉన్న కథ ఇచ్చి ‘బొమ్మ చూసి చెప్పు’ అంటే, అది ఊహించడం నేర్పడమే. బొమ్మలు తగ్గే తరగతిలో ఆ అలవాటు బయటపడుతుంది. అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయపు యూఫ్లై (UFLI) సంస్థ వరస ప్రకారం పాఠాల స్లైడ్లు, ఇలాంటి చదివే పేరాలు నెట్‌లో ఉచితంగానే పెట్టింది. కొనేముందు వాటిని ఒకసారి పక్కన పెట్టి పోల్చండి.

మాటలు కూడా మీ ఇంట్లో వినిపించేవే ఎంచుకోవాలి: కప్, బస్, పెన్, బ్యాగ్, రెడ్, లెగ్. 1986లో గఫ్, టన్మర్ అనే పరిశోధకులు చెప్పినట్టు చదివి అర్థం చేసుకోవడమంటే అక్షరాలు విప్పగలగడం, భాష తెలియడం, ఈ రెండింటి గుణకారం. ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. వ్యాట్ (vat, తొట్టి), హెమ్ (hem, బట్ట అంచు) లాంటి మాటలు సరిగ్గా కలిపినా, అర్థం తెలియక పిల్లలు తప్పు చదివామేమో అనుకుంటారు.

కిట్టు కొనాలా వద్దా అన్నదానికన్నా ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. చెవి, కన్ను పరీక్ష చేయించండి. తరచూ చెవి కారే పిల్లలకు స్, ష్, ఫ్, థ్ తేడా అందకపోవచ్చు. తెలుగులో నోటితో ఒక ఆట ఆడండి: ‘పాలు’లో మొదటి శబ్దం తీసి క్ పెడితే? కాలు. వ్ పెడితే? వాలు. ఇది చేయలేకపోతే కార్డులకన్నా ముందు నెలపాటు ఈ ఆటే కావాలి. తెలుగు చదవడం కూడా అంతే కష్టంగా ఉండి, రోజూ పావుగంట చొప్పున మూడు నాలుగు నెలలు సరిగ్గా నేర్పినా కదలిక లేకపోతే క్లినికల్ సైకాలజిస్టుకు చూపించండి. నిర్దిష్ట అభ్యసన వైకల్యం 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో ఒకటి. ఈ వైకల్యం చదవడంలో కనిపిస్తే దాన్ని డిస్లెక్సియా అంటారు. ‘మా కోర్సుతో డిస్లెక్సియా పోతుంది’ అనేవాళ్ల మాట నమ్మొద్దు. అది మందుతో పోయే జబ్బు కాదు. సరైన బోధనతో పిల్లలు బాగా చదవగలుగుతారు, దానికి కాలం పడుతుంది.

ఇక డబ్బు. ‘నెలకు కొద్దిగా కడితే చాలు’ అంటే చాలాసార్లు అది కోర్సు ఫీజు వాయిదా కాదు, మీ పేరున ఓ ఫైనాన్స్ సంస్థ ఇచ్చిన అప్పు. క్లాసులు మానేసినా ఈఎంఐ ఆగదు. ఓటీపీ చెప్పేముందు అప్పు ఇస్తున్నది ఎవరో అడగండి. యాప్ ద్వారా ఇచ్చే అప్పుకు రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది. అది ఎన్ని రోజులో, అప్పు షరతులు రాసి ఇచ్చే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో చూసుకోండి. ఆ గడువులోపు అసలూ, వాడుకున్న రోజులకు వడ్డీ కట్టేస్తే జరిమానా లేకుండా బయటపడొచ్చు. రిఫండ్ ఇస్తామని ఫోన్లో అంటే సరిపోదు, ఈమెయిల్‌లో రాయించుకోండి.

ఇప్పటికే కట్టేసినవాళ్లు ప్రకటన స్క్రీన్‌షాటు, డెమోలో ఇచ్చిన హామీ, రసీదు, క్లాసుల తేదీలు దాచి ఉంచండి. ముందు కంపెనీకి రాతపూర్వకంగా అడిగి, జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా, మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపైతే దానికి ఫీజు లేదు.