వేలికి గుచ్చకుండా షుగర్ చెప్పే వాచీ... కొనకండి

సూది అక్కర్లేదు, చేతికి పెట్టుకుంటే చాలు, షుగర్ ఎంతుందో చూపిస్తుంది అని అమ్ముతున్న స్మార్ట్ వాచీ ఒకటి నాన్న కోసం ఆన్‌లైన్‌లో కొన్నాను. ఆయన ప్రాణం మీదికి వచ్చింది. మీరెవరైనా కొనే ఆలోచనలో ఉంటే ముందు ఇది చదవండి.

నాన్న రెండు పూటలా ఇన్సులిన్ వేసుకుంటారు. గుచ్చీ గుచ్చీ వేళ్ల చివర్లు కాయలు కాశాయి. అందుకే ఈ వాచీ కనబడగానే ఇంకేం ఆలోచించలేదు. మొదటి రెండు వారాలు ఎప్పుడు చూసినా 105, 112, 118. "అదుపులోకి వచ్చేసిందిరా" అని ఆయన సంబరపడిపోయారు. వేలి రక్తంతో షుగర్ చూసే మీటరుకి స్ట్రిప్పులు తెప్పించడం మానేశాం. అప్పుడే అనుమానం రావాల్సింది. ఇన్సులిన్ మీదున్న మనిషికి తినకముందూ తిన్నాకా ఒకేలా ఎలా ఉంటుంది?

ఒక సాయంత్రం ఆయనకి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, మాట ముద్దగా వస్తోంది. వాచీ చూస్తే 112. "షుగర్ బాగానే ఉంది నాన్నా, నీరసం అంతే, కాసేపు పడుకోండి" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది. అమ్మ ఊరుకోలేదు. డబ్బాలో మిగిలిన రెండు స్ట్రిప్పుల్లో ఒకటి తీసి పాత మీటరుతో చూసింది: 52. 70 కంటే తగ్గితేనే లో షుగర్, 54 కంటే దిగితే ప్రమాదం. వెంటనే గ్లూకోజ్ కలిపి తాగించాం. పావుగంట తర్వాత రెండో స్ట్రిప్పుతో చూస్తే 81.

ఆ రాత్రి వాచీని ఒక టవల్ చుట్టకి బిగించాను. ఆకుపచ్చ లైటు వెలిగింది, కాసేపు గుండ్రంగా తిరిగింది, 109 అని చూపించింది. టవల్‌కి! మీ దగ్గర ఇలాంటిది ఉంటే ఈ పరీక్ష చేసి చూడండి.

ఆ లైటుతో గుండె వేగం తెలుస్తుంది గానీ షుగర్ తెలియదు. చర్మానికి గుచ్చకుండా సొంతంగా షుగర్ కొలిచే ఏ వాచీకీ, ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని మందులను, వైద్య పరికరాలను నియంత్రించే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఇది నాకు కొన్నాక తెలిసింది. ఒంటికి అతికించుకుంటే రోజంతా షుగర్ కొలుస్తూ ఉండే సీజీఎం సెన్సర్ సంగతి వేరు, దాన్నీ దీన్నీ కలపొద్దు. దాని సన్నటి తీగ చర్మం కిందికి వెళ్తుంది, అక్కడి ద్రవంలో గ్లూకోజ్ కొలుస్తుంది. ఆ రీడింగును ఫోనులోనో వాచీలోనో చూసుకోవచ్చు. అక్కడ వాచీ వట్టి తెర మాత్రమే.

అమ్మినవాళ్లని అడిగితే, మాన్యువల్ చివరి పేజీ చూడమన్నారు. చీమతలకాయంత అక్షరాల్లో "వైద్య అవసరాలకు కాదు" అని ఉంది. వాపసు గడువు కూడా దాటిపోయిందట.