కడపలో అద్దె టెంట్లు తీసుకుని సముద్రం ఒడ్డుకు పోయేవాళ్ల కోసం

ఈ షాపులో టెంట్లు అద్దెకు తీసుకుని గండికోట పోయొచ్చినవాళ్లు చాలామంది బాగుందని రాశారు, అది నిజమే. మేం మాత్రం అదే సామాను కారులో వేసుకుని సముద్రం ఒడ్డుకు పోయాం, అక్కడ లెక్క వేరు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా.

సామాను శుభ్రంగా ఉంది. టెంటు జిప్పులు ఎక్కడా పట్టలేదు, వానకు పైన వేసే కవరు చిరుగు లేకుండా ఉంది, కింద పరిచే మెత్తలు మందంగా ఉన్నాయి, మా అమ్మ కూడా నడుం నొప్పి లేకుండా పడుకుంది. షాపాయన టెంటు అక్కడే వేసి చూపించి, మా పిల్లాడి చేత మళ్లీ వేయించి గాని పంపలేదు. ఈ ఓపిక నాకు చాలా నచ్చింది.

లోపం ఒక్కటే, మేకులు. జానెడు కూడా లేని సన్న ఇనప మేకులు, గట్టినేలలో దిగితే కదలవు గానీ ఇసుకలో కాస్త గాలికే ఊడి వచ్చేస్తాయి. మేం కూరగాయల సంచుల్లో ఇసుక నింపి, వాటికి తాడు కట్టి, మోకాలి లోతు గుంటలో పూడ్చాం, ఆ తర్వాత తెల్లారేదాకా టెంటు కదల్లేదు. తిరిగొచ్చి చెబితే షాపాయన, "నిజమే అన్నా, బీచికి పోయేవాళ్లకు ఇకమీద సంచులు కూడా ఇస్తా" అన్నాడు. ఇస్తున్నాడో లేదో మీరు అడిగి తీసుకోండి.

దారి సంగతి. మైదుకూరు మీదుగా కాకుండా సిద్ధవటం మీదుగా పోండి. సిద్ధవటం కోట పెన్న ఒడ్డునే ఉంది, పక్కనే లంకమల అడవి, అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్లీ కనబడింది ఆ అడవుల్లోనే. బద్వేలు దాటి వెలికొండలు ఎక్కి దిగితే ఆత్మకూరు, సంగం, నెల్లూరు. సంగం దగ్గర పెన్న మళ్లీ ఎదురైంది, నెల్లూరు దాటాక సముద్రంలో కలిసేదీ ఈ నదే, పిల్లలకు అది చెప్పి చూపించడం నాకు ఎంతో సంతోషంగా అనిపించింది.

మొదటి రాత్రి మైపాడు వైపు, ఒక సరుగుడు తోటలో, తోటాయన్ని అడిగే టెంట్లు వేశాం. మేం ముందు ఇంకా కిందకు వేయబోతే వలలు సర్దుకుంటున్న ఒక పెద్దాయన, "ఆ చెత్త గీత కనబడతా ఉందా అయ్యా, నీళ్లు అందాకా వస్తాయి, పున్నమికి ఇంకా పైకొస్తాయి" అని ఆపాడు. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరంలో సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి, కాబట్టి రాత్రిపూట ఇసుక మీద పెద్ద లైట్లు, మంటలు దయచేసి వద్దు.

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా హైవే మీద సముద్రం కనబడదు, ఆశ పెట్టుకోకండి. అసలు ఆనందం ఒంగోలు దాటి 216 హైవే ఎక్కాక. చీరాల వైపు పోతూ మోటుపల్లి తప్పకుండా ఆగండి. కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం అక్కడి గుడిలోనే ఉంది. అంతకుముందు తుపానుకు ఓడ కొట్టుకొచ్చి ఒడ్డున పడితే అందులో సరుకంతా రాజులు లాక్కునేవాళ్లట, ఈయన మాత్రం మామూలు సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమని రాతి మీద చెక్కించి మాటిచ్చాడు. సముద్రం మీద సర్వం పోగొట్టుకుని వచ్చిన పరదేశులకు ఒక తెలుగు రాజు ఇచ్చిన ఆ మాట ముందు నిలబడితే గుండె నిండిపోయింది. వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది, జీడిపప్పు కూడా అక్కడే కొనుక్కోండి. చివరి మజిలీ సూర్యలంక, సెలవు రోజుల్లో జనం ఎక్కువ.

సామాను తిరిగిచ్చే ముందు జిప్పులు, మేకులు మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి, ఉప్పుగాలికి తుప్పు పడతాయి. మేం కడిగే ఇచ్చాం, అడ్వాన్సు పైసా తగ్గకుండా అప్పుడే చేతిలో పెట్టారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం, అప్పుడు వద్దు. సంక్రాంతి సెలవులకైతే ముందే ఫోన్ చేసి చెప్పుకోండి, పెద్ద టెంట్లు వాళ్ల దగ్గర తక్కువే ఉన్నాయి.