హోటన్‌లో శుక్రవారం, మార్క్వెట్‌లో శనివారం

మిషిగన్‌లో ఉండే మనవాళ్ళకి రాష్ట్రానికి ఉత్తరాన ఉన్న ద్వీపకల్పం, అప్పర్ పెనిన్సులా అంటే ఎండాకాలం ట్రిప్పే. పిక్చర్డ్ రాక్స్‌లో బోటు, మ్యాకినా ఐలండ్‌లో గుర్రబ్బండి, పిల్లలకి ఫడ్జ్, ఆదివారం రాత్రికి ఇల్లు. నడిచలికాలంలో అటు వెళ్తున్నామంటే ఆఫీసులో అమెరికన్లే ఎగాదిగా చూశారు. మేం వెళ్ళింది కాలేజీ ఐస్ హాకీ కోసం. శుక్రవారం రాత్రి హోటన్‌లో మిషిగన్ టెక్ యూనివర్సిటీ సొంత రింకు (ఐస్ మైదానం), శనివారం రాత్రి మార్క్వెట్‌లో నార్తర్న్ మిషిగన్ రింకు. అవే రెండు జట్లు, రెండు రాత్రులు, రెండు ఊళ్ళు. ఈ రెండింటికీ మధ్య దూరం వంద మైళ్ళు. ఆ చుట్టుపక్కల లెక్కల్లో అది పక్క ఊరే.

వెళ్ళడానికి కారణం మా బావమరిది. మిషిగన్ టెక్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. కరీంనగర్‌లో పెరిగినవాడు, అమెరికా వచ్చేదాకా మంచుగడ్డని ఫ్రిజ్‌లో తప్ప చూసింది లేదు. ఇప్పుడు ఫోన్ చేస్తే అక్క బాగుందా అని ఒక్క ముక్క అడిగి, వాళ్ళ జట్టు పవర్‌ప్లే (ఎదుటి జట్టువాడు శిక్ష పడి బయట కూర్చున్నప్పుడు ఒక మనిషి ఎక్కువగా ఆడే కాసేపు) ఎందుకు పని చేయట్లేదో మొదలుపెడతాడు. ఆ యూనివర్సిటీలో మనవాళ్ళు బాగానే ఉన్నారు. విద్యార్థులకి మ్యాచ్ టికెట్ ఫీజులోనే కలిసిపోతుంది కాబట్టి, మొదటి ఏడాది ఊరికే కాలక్షేపానికి వెళ్ళినవాళ్ళు రెండో ఏడాదికి గొంతు పోయేలా అరుస్తున్నారు. "మీరు యాన్ ఆర్బర్‌లో యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్ ఆట చూసింది లెక్కలోకి రాదు బావా, ఒకసారి ఇటు రండి" అని ఏడాదిగా పోరు పెట్టాడు.

దారి గురించి ముందే చెప్పేస్తాను. డెట్రాయిట్ శివార్ల నుంచి హోటన్‌కి దాదాపు 550 మైళ్ళు. ఫోన్‌లో మ్యాప్ తొమ్మిది గంటలంటుంది. చలికాలంలో ఆ మాట నమ్మొద్దు. మ్యాకినా బ్రిడ్జి ఐదు మైళ్ళ పొడవు, గాలి ఎక్కువైతే వేగం గంటకి 20 మైళ్ళకి దించేస్తారు. బ్రిడ్జి దాటాక సెనీ దగ్గర ఎం-28 రోడ్డు పాతిక మైళ్ళు ఒక్క మలుపు లేకుండా పోతుంది, అక్కడ నిద్ర రాకుండా చూసుకోవడమే పెద్ద పని. గ్యాస్ సగానికి రాగానే నింపుకోండి, సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. షికాగో మీదుగా విమానం కూడా ఉంది, హ్యాంకాక్ దగ్గర చిన్న ఎయిర్‌పోర్టులో దింపుతుంది. కానీ మంచు తుపాను వస్తే మ్యాచ్ జరుగుతుంది, విమానం రాదు. నా ఓటు స్నో టైర్లు వేసిన కారుకే, అదీ మధ్యలో ఒక రాత్రి ఆగి.

హోటన్‌లో దిగడానికి రెండు రకాలున్నాయి. కాలువ వైపు చైన్ హోటళ్ళు, రోడ్డు మీద పాతకాలపు మోటళ్ళు. డబ్బు కలిసొస్తుందని మోటల్ తీసుకున్నాం. పేరెందుకు గానీ, హీటర్ తెల్లవార్లూ టక్కుటక్కుమంటూనే ఉంది, 'బ్రేక్‌ఫాస్ట్ ఉచితం' అన్నది ప్యాకెట్ మఫిన్, పల్చటి కాఫీ. మా ఆవిడ ఒక్కటే మాట అంది: "మళ్ళీ వస్తే నేను చైన్ హోటల్‌కే." న్యాయమే. అయితే ఒక సంగతి చెప్పాలి. పొద్దున ఆరు కాకముందే పార్కింగ్ అంతా మంచు తోసేశారు. ఆఫీసు గుమ్మం పక్కన పార, ఉప్పు బకెట్, బ్యాటరీ చచ్చిపోతే వాడుకోవడానికి కేబుళ్ళు పెట్టారు, ఎవరినీ అడగక్కర్లేదు. సగటున చలికాలానికి 200 అంగుళాలు దాటి మంచు పడే చోట హోటల్ సేవ అంటే మొదట చూడాల్సింది ఇదేననిపించింది. అక్కడి నుంచి ఉత్తరానికి వెళ్తే మోహాక్ దాటాక రోడ్డు పక్కన చాలా ఎత్తైన కొలబద్ద ఒకటి ఉంటుంది, 1978-79 చలికాలపు రికార్డు 390.4 అంగుళాలు దాని మీద గుర్తు పెట్టి ఉంది. దాని కింద నిలబడి ఫోటో దిగితే మన తల ఎక్కడో అడుగున ఉంటుంది.

తిండి విషయానికి వస్తే, రాగి గనుల కాలంలో కార్న్‌వాల్ నుంచి వచ్చిన కూలీలు తెచ్చిన పాస్టీ ఇక్కడి ముఖ్యమైన తిండి. మన కర్రీపఫ్‌కి పెద్దన్న అనుకోండి. లోపల బంగాళాదుంప, ఉల్లిపాయ, రుటబాగా అనే దుంప, మాంసం. మాంసం మామూలుగా బీఫ్, తిననివాళ్ళు ముందే అడిగి కూరగాయలదో చికెన్‌దో తీసుకోవాలి. కారం మాత్రం వెతకొద్దు. నాకు నచ్చింది డౌన్‌టౌన్‌లోని స్వోమి రెస్టారెంట్. ఫిన్లండ్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ వంట. పన్నుకాక్కు అనే మందపాటి ఓవెన్ పాన్‌కేక్ పెడతారు. నిసు అనే రొట్టె కాల్చి వెన్న రాసి ఇస్తే దాంట్లోంచి ఏలకుల వాసన గుప్పుమంది. ఇంట్లో పరమాన్నం దించినప్పటి వాసన, ఇక్కడ లేక్ సుపీరియర్ ఒడ్డున.

ఇక అసలు విషయం. హోటన్‌లో ఎక్కడ కూర్చున్నా ఒకటే తగువు: మన జట్టుకి నిజంగా పోటీనిచ్చే సత్తా ఉందా, లేక మనం మనల్నే మభ్యపెట్టుకుంటున్నామా? స్వోమిలో పక్క టేబుల్ మీద, గ్యాస్ స్టేషన్‌లో, రింకులో, అంతటా ఇదే.

తగువుకి మూలం చరిత్రలో ఉంది. జాన్ మకిన్నిస్ కోచ్‌గా 1962, 1965, 1975లో మిషిగన్ టెక్ జాతీయ చాంపియన్. టోనీ ఎస్పొజిటో లాంటి గోలీ (గోల్‌కీపర్) ఆడిన జట్టిది. 1981 తర్వాత మళ్ళీ 2015 దాకా, జాతీయ చాంపియన్‌ని తేల్చే ఎన్‌సీఏఏ టోర్నీ గడపే తొక్కలేదు. 2015, 2017, 2018, 2022, 2023, 2024, ఇలా ఆరుసార్లు వెళ్ళారు, ఒక్క మ్యాచూ గెలవలేదు. 2015లో సెయింట్ క్లౌడ్ చేతిలో, 2018లో నోటర్‌డామ్ చేతిలో ఓడింది ఓవర్‌టైమ్‌లో. 2023లో పెన్ స్టేట్ 8-0తో చితక్కొట్టింది. మరుసటి ఏడు బోస్టన్ కాలేజీ 6-1. మరి దీన్ని ఎదుగుదల అనాలా, గోడకి తల కొట్టుకోవడం అనాలా? 2024లో లీగ్ కప్పు గెలిచి టోర్నీకి తీసుకెళ్ళిన జో షాహాన్ స్థానంలో అదే ఏడు బిల్ మకాల్ట్ కోచ్‌గా వచ్చాడు. ఆ మార్పు సరైందా కాదా అన్న మాటతో ఏ బల్ల దగ్గరైనా అరగంట గడిచిపోతుంది.

రింకులో నా పక్క సీటు పెద్దాయన, మోకాళ్ళ మీద ఉన్ని దుప్పటి కప్పుకుని, ఎప్పటినుంచో అదే సీటులో కూర్చుంటున్నానని చెప్పాడు. ఆయన లెక్క సూటిగా ఉంది. టోర్నీకి వెళ్ళడం గొప్ప కాదు, అక్కడ గెలవాలి. లీగ్‌లో గెలిచి సంబరపడటం మానాలి. మా బావమరిది ఊరుకోలేదు. "బావా, ఆయనకి చెప్పండి, ఈ కాలేజీ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ అంతా రెండో అంచె, డివిజన్ టూ. హాకీ ఒక్కటే పై అంచె, డివిజన్ వన్. బోస్టన్ కాలేజీ, మిషిగన్ లాంటి వాళ్ళతో ఒకే బరిలో దిగి మూడేళ్ళు వరసగా టోర్నీకి వెళ్ళడం చిన్న విషయమా?" పెద్దాయనకి తెలుగు రాకపోయినా వేడి అర్థమైంది, నవ్వుతూ ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (ఆటగాళ్ళు కాలేజీ మారడానికి పేరిచ్చే జాబితా) సంగతి ఎత్తాడు. అక్కడ మాత్రం ఇద్దరూ ఒకటయ్యారు. ఇక్కడ రెండేళ్ళు రాటుదేలిన కుర్రాణ్ణి పెద్ద కాలేజీ ఎగరేసుకుపోతే చేసేదేం లేదు. పైగా బలమైన లీగ్‌ల జట్లు ఇంత దూరం రావు, బలమైన ప్రత్యర్థులు లేకపోతే ర్యాంకింగ్ పెరగదు, ర్యాంకింగ్ లేకపోతే లీగ్ కప్పు గెలిస్తేనే టోర్నీ. 2022, 2023లో కప్పు లేకుండానే ర్యాంకింగ్ మీద వెళ్ళగలిగారు, అందుకే ఆ రెండేళ్ళకి అభిమానులు ప్రత్యేకంగా విలువిస్తారు.

నాకు కనిపించింది చెప్తాను. మూలల్లో బోర్డుల (రింకు చుట్టూ గోడ) దగ్గర పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) కోసం ఒంటిమీదికి తెచ్చుకునే పెనుగులాటలో టెక్ కుర్రాళ్ళకి సాటి తక్కువ. ఎదుటి జట్టుని వాళ్ళ జోన్ నుంచి పక్‌ని తీరిగ్గా బయటికి పంపనీయరు. కానీ పవర్‌ప్లే వచ్చిందంటే ఐదుగురూ పక్‌ని ఎదుటివాళ్ళ జోన్ మొదలయ్యే నీలి గీత చుట్టూ తిప్పుతూనే ఉంటారు, షాట్ రాదు. వెనక వరసల్లోంచి "షూట్!" అని ఒకడు మొదలెడితే వెయ్యి గొంతులు అందుకుంటాయి. కొట్టిన షాట్ డిఫెన్స్‌వాడి మోకాలి ప్యాడ్‌కి తగిలి తిరిగొస్తుంది, మొత్తం గ్యాలరీ ఒకేసారి "ఊఁ" అని నిట్టూరుస్తుంది. పోటీనిస్తారా అంటే ఇస్తారు, ఏ రోజైనా ఎవరినైనా చివరిదాకా లాగుతారు. ముగించే చేయి లేదు. నా తీర్పు అంతే, పెద్దాయనకి ఇష్టం లేకపోయినా.

రింకు సంగతి. మకిన్నిస్ అరేనాలో నాలుగు వేల పైచిలుకు సీట్లు. కారు పెట్టి నాలుగడుగులేస్తే గేటు. ఏ సీటులోంచైనా స్కేటు ఐస్‌ని గీసే చప్పుడు వినిపిస్తుంది. చారల ఓవరాల్స్ వేసుకున్న పెప్ బ్యాండ్ ఒక మూల, 'మిచ్స్ మిస్‌ఫిట్స్' అనే విద్యార్థుల గుంపు ఇంకో మూల. ఒక దశలో బ్యాండ్ వాల్ట్జ్ అందుకుంటే ముసలివాళ్ళూ కుర్రాళ్ళూ చేతులు పెనవేసి అటూ ఇటూ ఊగారు, మా ఆవిడ కూడా ముందు మొహమాటపడి తర్వాత ఊగింది. లోపల చలి ఎక్కువే, బయట వేసుకున్న కోటు తీయక్కర్లేదు. బాత్రూం క్యూ పెద్దది. కాఫీ మోటల్ కాఫీకి అక్క.

శనివారం పొద్దున యూఎస్-41 మీద బరాగా, లాన్స్ మీదుగా మార్క్వెట్. దారిలో కీవీనా బే పక్కన ఆగితే గడ్డకట్టిన నీళ్ళ మీద చేపలు పట్టే గుడిసెలు కనిపిస్తాయి. ఊరిగా చూస్తే మార్క్వెట్‌కే మార్కులు. లోయర్ హార్బర్‌లో ఇనుప ఖనిజం ఓడల్లోకి ఎత్తిన పాత డాక్, నడవడానికి డౌన్‌టౌన్, తినడానికి రకాలు. 1930 నాటి ల్యాండ్‌మార్క్ ఇన్ కూడా ఉంది, పాత హోటళ్ళంటే ఇష్టమున్నవాళ్ళకి. మేం రోడ్డు పక్క చైన్ హోటల్లో దిగాం, గది వెచ్చగా ఉంది, రాత్రి నిద్ర పట్టింది, ఇక చెప్పడానికేమీ లేదు. పగలు ఖాళీ ఉంటే యూనివర్సిటీవాళ్ళ సుపీరియర్ డోమ్ చూడండి. 536 అడుగుల వ్యాసం, పైకప్పు మొత్తం చెక్క దూలాల మీదే నిలబడి ఉంది.

బెర్రీ ఈవెంట్స్ సెంటర్ మకిన్నిస్ కన్నా కొత్తది, 1999లో తెరిచారు. సీట్లు సుఖం, దారులు వెడల్పు. సందడి మాత్రం హోటన్‌ది వేరు. ఇక్కడి తగువు కూడా వేరు. 1991 ఫైనల్లో బోస్టన్ యూనివర్సిటీని మూడో ఓవర్‌టైమ్‌లో 8-7తో ఓడించిన జట్టు ఇది. ఆ జట్టులో ఆడిన డేవ్ షయాక్ 2024లో కోచ్‌గా తిరిగొచ్చాడు. ఎన్‌సీఏఏ టోర్నీ ముఖం చూసి మాత్రం చాలా ఏళ్ళు, చివరిసారి 2010. అందుకే ఇక్కడెవరూ కప్పు మాట ఎత్తరు. "ఈ ఏడు హోటన్‌వాళ్ళని కొడితే చాలు" అని పాప్‌కార్న్ లైన్లో ఒకాయన మొహమాటం లేకుండా అన్నాడు. ఇక్కడిదే ఇంకో కాలేజీ లేక్ సుపీరియర్ స్టేట్ గెలిచిన 1988, 1992, 1994 కప్పులు కూడా కలిపితే, మూడు లక్షల జనాభా ఉన్న ఈ ద్వీపకల్పానికి ఏడు జాతీయ టైటిళ్ళు. ఇప్పటి పాట్లని ఆ కొలతతో చూసుకుంటారు కాబట్టే ఈ మంట.

యాన్ ఆర్బర్ యోస్ట్ అరేనాతో పోల్చకుండా ఉండలేను, మనవాళ్ళు ఎక్కువగా చూసేది అదే. 1923 నాటి ఇటుక కట్టడం, 1973లో హాకీకి మార్చారు, చూడ్డానికి ఘనంగా ఉంటుంది. ఇంటికి దగ్గర. కానీ టికెట్ ధర, పార్కింగ్ వెతుకులాట కలిపి నలుగురు కుటుంబానికి సాయంత్రం ఖరీదైపోతుంది. తొమ్మిది టైటిళ్ళున్న జట్టు, చివరిది 1998. 2022, 2023, 2024లో వరసగా ఫ్రోజెన్ ఫోర్ (టోర్నీలో చివరి నాలుగు జట్లు) దాకా వెళ్ళి సెమీస్‌లో ఓడితే అక్కడి అభిమానులు నాతోనే "ఈ జట్టు తేలదు" అని పెదవి విరిచారు. హోటన్ పెద్దాయనకి ఆ ఫ్రోజెన్ ఫోర్‌లలో ఒక్కటిచ్చినా ఊళ్ళో సెలవు ప్రకటిస్తారు.

2025 ఏప్రిల్‌లో కలమజూలోని వెస్ట్రన్ మిషిగన్ యూనివర్సిటీ మొదటిసారి జాతీయ చాంపియన్ అయిన రాత్రి మా బావమరిది మెసేజ్ పెట్టాడు: "చూశారా బావా, కలమజూకి వచ్చింది, మనకి రాదా?" వాళ్ళది డివిజన్ వన్ కాలేజీ, గట్టి లీగ్ అని రాశాను. జవాబుగా మకిన్నిస్ గ్యాలరీలో పెద్దాయనతో దిగిన ఫోటో పంపాడు. ఆ వయసులో లెక్కలు చెప్తే వింటారా.

వెళ్ళేవాళ్ళకి నాలుగు ముక్కలు. ఒక్క రాత్రికే వీలైతే హోటన్ మ్యాచ్, మార్క్వెట్‌లో బస. రెండు రాత్రులైతే మేం చేసినట్టే చేయండి, కాకపోతే హోటన్‌లో మోటల్ వద్దు. 1922 నుంచి మిషిగన్ టెక్‌లో జరుగుతున్న ఫిబ్రవరి వింటర్ కార్నివాల్ వారాంతంలో, మంచు శిల్పాలూ హాకీ రెండూ ఒకేసారి దొరుకుతాయి గానీ గదులు దొరకవు, నెలల ముందు బుక్ చేసుకోవాలి. చిన్నపిల్లలుంటే పెప్ బ్యాండ్‌కి దగ్గరి సీట్లు వద్దు, చెవులు పోతాయి. పవర్‌ప్లే సమయంలో పక్కవాళ్ళతో వాదం పెట్టుకోవద్దు, ఇంటర్‌మిషన్ దాకా ఆగితే వాళ్ళే మొదలుపెడతారు.