నెల్లూరులో అబార్త్ పుంటో: కొన్నేళ్లు వాడాక

బండి ఫియట్ అబార్త్ పుంటో, 2016 మోడల్. 2020 చివర్లో కోయంబత్తూరులో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. అప్పట్నుంచీ నెల్లూరులోనే రోజువారీ తిరుగుతోంది. ఎర్ర సైడ్ మిర్రర్లూ పక్కన స్టిక్కర్లూ తీసేస్తే చూడ్డానికి మామూలు పుంటోనే. లోపల ఉన్నది మాత్రం 1.4 లీటర్ల టర్బో (గాలిని ఒత్తిడితో ఎక్కించే) పెట్రోల్ ఇంజిన్, 145 హార్స్‌పవర్, 212 ఎన్ఎం టార్క్. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. 2015 అక్టోబరులో వచ్చినప్పుడు ఢిల్లీ ఎక్స్‌షోరూం ధర 9.95 లక్షలు. ఫియట్ 2019లో ఇక్కడ కార్లు అమ్మడం ఆపేసింది కాబట్టి, ఇప్పుడు కావాలంటే పాత బండే దిక్కు.

కొనేముందు నేను ఎక్కువసేపు చూసింది బండి కింద. లిఫ్ట్ ఎక్కించకుండా ఈ కారు కొనకూడదు. ముందు బంపర్ కింది అంచు, సంప్ గార్డు (ఇంజిన్ అడుగున కాపుగా ఉండే రేకు), పక్క సిల్స్ (తలుపుల కింది అంచులు) — ఈ మూడూ చూస్తే పాత ఓనర్ ఎలాంటి రోడ్ల మీద ఎలా తోలాడో తెలిసిపోతుంది. సంప్ గార్డు మీద గీతలు ఎలాగూ ఉంటాయి, సొట్టలు ఉంటే మాత్రం ఆలోచించాలి. టైరు పక్కగోడ మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది. నేను చూసిన దాని మీద 0816 అని ఉంది, అంటే 2016లో ఎనిమిదో వారంలో తయారైన టైరు. అరుగుదల పెద్దగా లేదు, కానీ రబ్బరు గట్టిపడిపోయి గాడుల మధ్య సన్నటి పగుళ్లు కనిపించాయి. ఆ నాలుగు టైర్ల ఖర్చు బేరంలోనే తగ్గించుకున్నాను. సైజు 195/55 ఆర్16. బలేనోకీ, ఐ20కీ పడే సైజే కాబట్టి నెల్లూరులో ఏ టైర్ల షాపులోనైనా దొరుకుతాయి. ఈ బండికి తేలిగ్గా దొరికే సామాను ఏదన్నా ఉందంటే అది టైరే.

ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి చూడాలి. మనం వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉందంటే మర్నాడు పొద్దున వస్తామని చెప్పడం మంచిది. స్టార్ట్ చేయగానే నీలం పొగ కనిపించినా, టర్బో దగ్గర ఈల లాంటి కీచు శబ్దం పెద్దగా వినిపించినా వదిలేయండి. టైమింగ్ బెల్ట్ (వాల్వులూ పిస్టన్‌లూ ఒకే లయలో కదిలేలా చూసే బెల్ట్) ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. నోటిమాట నమ్మొద్దు. బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్‌లకు కొట్టుకుంటాయి, ఇక ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే. నాకు బిల్లు దొరకలేదు. అందుకే ఇంటికి తెచ్చిన వెంటనే బెల్ట్, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంపు మూడూ కలిపి మార్పించాను. మూడూ ఒకే చోట ఉంటాయి, విప్పే కూలీ ఒక్కసారే పడుతుంది.

కాగితాల విషయం తొందరగా చెప్పేస్తాను. తమిళనాడు బండి కాబట్టి అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), పాత ఫైనాన్సు తీరినట్టు ఫారం 35, అమ్మకానికి ఫారం 29, 30. ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ టాక్స్ కట్టి ఏపీ 39 నంబరు తీసుకున్నాను. ఎన్‌వోసీ చేతికి రాకుండా డబ్బు మొత్తం ఇవ్వొద్దు.

సామాను సంగతే అసలు సంగతి. నేను వెళ్లే మెకానిక్ మొదటిరోజే చెప్పాడు: "అన్నా, సామాను నువ్వు తెచ్చిస్తే బిగించే పూచీ నాది. సామాను లేకుండా బండి తెచ్చి పెట్టబాక." అప్పట్నుంచీ అదే పద్ధతి. ఫిల్టర్లు, ప్లగ్గులు, ఒక సెట్టు బ్రేకు ప్యాడ్లు, ఒక బెల్ట్ కిట్టు ఇంట్లో అట్టపెట్టెలో ఎప్పుడూ ఉంటాయి. తలుపులు, అద్దాలు మామూలు పుంటోవే. ఇంజిన్ సామానులో చాలావరకు ఫియట్‌దే ఇంకో కారు లీనియా టి-జెట్‌కీ దీనికీ ఒకటే. ఈ రెండు పేర్లూ గుర్తుంచుకుని వెతికితే పని సగం అయినట్టే. కొత్తవి కోయంబత్తూరు నుంచో పుణె నుంచో కొరియర్‌లో తెప్పిస్తాను. బాడీ సామానుకైతే చెన్నైలో పాత బండ్ల సామాను దొరికే పుదుపేట వెళ్తాను. నెల్లూరు నుంచి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు. లోయర్ ఆర్మ్ బుష్‌లు (ముందు చక్రాన్ని పట్టుకునే చేతికి ఉండే రబ్బర్లు) మన రోడ్లకు తొందరగా పోతాయి. గుంతలో పడినప్పుడు ముందువైపు టక్‌టక్ అని వినిపిస్తే వాటినే ముందు చూడండి.

ఇక గ్రౌండ్ క్లియరెన్స్. 155 మిల్లీమీటర్లు. ఊళ్లలో స్పీడ్ బ్రేకర్లు ఎవరికి వాళ్లు పోసుకున్నవి, ఒకటి మోకాలెత్తు, ఇంకొకటి రెండు వరుసలు. నేరుగా ఎక్కిస్తే కింద గీసుకోవడం ఖాయం. కొంచెం ఏటవాలుగా తిప్పి ఒక్కో చక్రం ఎక్కించి దించుతాను. వెనకాల ఆటోవాడు హారన్ కొట్టినా సరే. నలుగురు ఎక్కి వెనక డిక్కీలో సామాను కూడా ఉంటే అలా కూడా కష్టమే. మైపాడు వైపు వానాకాలంలో నీళ్లు నిలిచిన రోడ్డు కనిపిస్తే వెనక్కి తిరిగి వచ్చేస్తాను.

మాడిఫికేషన్ల విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. చాలామంది కొనగానే ఈసీయూ రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించి, సైలెన్సర్ మార్చేస్తారు. నేను ఇంజిన్‌ను ముట్టుకోలేదు. పవర్ పెంచితే ముందుగా జారేది క్లచ్, అది మళ్లీ దొరకాలి కదా. పైగా కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండి మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర కూడా చిక్కే. నా డబ్బంతా బండిని నిలబెట్టే వాటి మీద పెట్టాను: మంచి బ్రేకు ప్యాడ్లు, కొత్త డాంపర్లు (షాక్ అబ్జార్బర్లు), కొత్త బుష్‌లు, రెండేళ్లకోసారి డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్. హెడ్‌లైట్ల వెలుగు చాలక బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు అందేలా విడిగా రిలే వైరింగ్ వేయించాను. రాత్రిపూట హైవే మీద ఆ తేడా బాగా తెలుస్తుంది. ఎడమ కాలు ఆనించుకోవడానికి చోటు లేకపోవడం ఈ కారులో పెద్ద లోటు. ఊళ్లోనే వెల్డింగ్ షాపులో అల్యూమినియం రేకు వంచి ఫుట్‌రెస్ట్ చేయించాను. అన్నిటికంటే తక్కువ ఖర్చులో అయిన పని అదే, దూరం వెళ్లే ప్రతిసారీ సుఖంగా ఉంటుంది.

నడపడం గురించి చెప్పాలంటే రాపూరు నుంచి చిట్వేలి వైపు కనుమ రోడ్డు గురించి చెప్పాలి. 2000 ఆర్‌పీఎం దాకా బండి మందంగా ఉంటుంది, ఊరి ట్రాఫిక్‌లో అది విసుగే. ఆ గీత దాటాక సీటుకు అతుక్కుపోతాం. కనుమలో సెకండ్ గేరు, థర్డ్ గేరు మధ్యే సరిపోతుంది. స్టీరింగ్ హైడ్రాలిక్, బరువుగా ఉంటుంది, ముందు చక్రాల కింద కంకర ఉందో తారు ఉందో చేతికి తెలుస్తుంది. ఇప్పటి కొత్త కార్లు కొన్ని నడిపాను, ఆ స్పర్శ వాటిలో నాకు దొరకలేదు. వానలో మాత్రం యాక్సిలరేటర్ మెల్లగా తొక్కాలి. లేకపోతే ముందు చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. బండిని పూర్తి వేగంతో చూడాలనుకునేవాళ్లు హైవే మీద వద్దు, శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ ఉంది, అక్కడికి వెళ్లండి. మనకు దగ్గరే.

మైలేజీ ఊళ్లో ఎనిమిది తొమ్మిది, హైవే మీద నిదానంగా వెళ్తే పన్నెండు పదమూడు. రోహిణి కార్తె ఎండల్లో ఏసీ వేసుకుని మినీ బైపాస్‌లో నిలబడితే ఇంకా తగ్గుతుంది. వేసవి మొదలయ్యేలోపు కూలెంట్ హోసులు, రేడియేటర్ ఫ్యాన్ చూపించుకోవాలి. దూరం నుంచి వేగంగా వచ్చి ఆగాక ఇంజిన్‌ను వెంటనే ఆపకుండా ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచుతాను, టర్బోకి మంచిది. సముద్రం దగ్గరికి వెళ్లొచ్చిన మర్నాడు అండర్‌బాడీ మంచినీళ్లతో కడిగిస్తాను.

ఇప్పుడు నేను పట్టించుకోవాల్సి వస్తున్నది ఈ20 పెట్రోల్. బంకుల్లో ఎక్కడ చూసినా 20 శాతం ఇథనాలే. ఈ బండి తయారైన నాటికి బంకుల్లో అది లేదు. అందుకని ఫ్యుయల్ హోసులు, ఇంజెక్టర్ ఓ-రింగులు ప్రతి సర్వీసులోనూ చేత్తో తడిమి చూపించమంటున్నాను. రబ్బరు మెత్తబడినా, ఉబ్బినా అప్పటికప్పుడే మార్పించేస్తాను. బండి నెల రోజులు తీయననుకుంటే ట్యాంకులో పాత పెట్రోల్ నిలవ ఉంచట్లేదు.